వాన పడింది, రూల్ ఎందుకు ఫైర్ కాలేదు? రూల్ ఇంజిన్ డీబగ్గింగ్, అనంతపురం లెక్కతో

మాక్రోడ్రాయిడ్ గానీ, శాంసంగ్ ఫోన్లలో వచ్చే మోడ్స్ అండ్ రొటీన్స్ గానీ వాడేవాళ్లకి ఈ తలనొప్పి బాగా తెలుసు. "బ్యాటరీ 20 శాతం కంటే తగ్గితే పవర్ సేవింగ్ ఆన్ చెయ్" అని రూల్ పెడతాం. ఒకరోజు చూస్తే బ్యాటరీ 14లో ఉంటుంది, పవర్ సేవింగ్ మాత్రం ఆఫ్‌లోనే ఉంటుంది. రూల్ కరెక్టే, బ్యాటరీ కూడా నిజంగానే తగ్గింది. మరి ఎందుకు ఫైర్ కాలేదు?

రెండు కారణాలు ఎక్కువగా కనిపిస్తాయి. ఒకటి, ఫోన్ ఆ యాప్‌ను బ్యాక్‌గ్రౌండ్‌లో చంపేసి ఉంటుంది. ఆండ్రాయిడ్ 6 నుంచి డోజ్ ఉంది, దానికి తోడు కంపెనీలు పెట్టే సొంత బ్యాటరీ సేవర్లు. ఇది అందరికీ తెలిసిందే. రెండోది ఇంకా ఇంట్రెస్టింగ్. చాలా ఆటోమేషన్ యాప్‌లలో "20 కంటే తక్కువ" అంటే "20ని దాటి కిందికి దిగిన క్షణం" అని అర్థం. రూల్ సేవ్ చేసేటప్పటికే బ్యాటరీ 18లో ఉంటే అది గీత దాటడం జరగదు, కాబట్టి ఫైర్ అవదు. హోమ్ అసిస్టెంట్‌లో న్యూమరిక్ స్టేట్ ట్రిగ్గర్ కూడా సరిగ్గా ఇలాగే పనిచేస్తుంది. అక్కడ 2021 నుంచి ప్రతి ఆటోమేషన్‌కీ ట్రేస్ చూసే సౌకర్యం ఇచ్చారు, ఏ కండిషన్ దగ్గర ఆగిపోయిందో బొమ్మలా కనిపిస్తుంది. ఈ ట్రేస్ అనే మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఫోన్‌లో రూల్ ఫైర్ కాకపోతే మహా అయితే చార్జింగ్ అయిపోతుంది. ఇదే రకం రూల్స్ మీద బ్యాంకులు లోన్లు ఇస్తాయి, టెలికాం కంపెనీలు ఆఫర్లు లెక్కేస్తాయి, ఇన్సూరెన్స్ వాళ్లు క్లెయిమ్‌లు తేలుస్తారు. అలాంటి చోట వాడే సాఫ్ట్‌వేర్‌నే బిజినెస్ రూల్ ఇంజిన్ అంటారు. మా అనంతపురం వైపు దీనికంటే మంచి ఉదాహరణ ఒకటుంది: వాన.

వాన మీద రాసిన రూల్

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, ఎర్ర నేల, కనుచూపు మేరా శెనక్కాయ (పుస్తకాల్లో వేరుశనగ అంటారు, ఇక్కడ అలా అంటే నవ్వుతారు). వాన తప్పితే పంట తప్పుతుంది. పంట ఎంత పోయిందో ఊరూరా తిరిగి కొలవడం కష్టం కాబట్టి, వాన ఎంత పడిందో కొలిచి దాని ప్రకారం డబ్బులిచ్చే బీమా వచ్చింది. దేశంలో దీని తొలి ప్రయోగాల్లో ఒకటి 2003లో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని మహబూబ్‌నగర్ జిల్లాలోనే జరిగింది. బేసిక్స్ సంస్థ, ఐసీఐసీఐ లాంబార్డ్ కలిసి శెనక్కాయ, ఆముదం రైతులకు ఆ పాలసీ అమ్మాయి. కేంద్రం వాతావరణ ఆధారిత పంటల బీమాను 2007లో మొదలుపెట్టి, 2016లో మార్చి మళ్లీ తెచ్చింది.

ఆ తొలి పాలసీలు తర్వాతి ఏళ్లలో ఎలా మారాయో చూస్తే ప్రోగ్రామర్‌కి పండగే. సీజన్‌ను మూడు ఫేజ్‌లుగా విడదీశారు. జూన్ 1 నుంచి పడిన వాన మొత్తం 50 మి.మీ. చేరిన రోజున మొదటి ఫేజ్ మొదలు, అంటే విత్తనం వేసే పదును వచ్చిందని లెక్క. జూన్ ముగిసినా 50 చేరకపోతే జూలై 1న దానంతట అదే మొదలవుతుంది. రోజువారీ వాన 2 మి.మీ. కంటే తక్కువైతే లెక్కలోకి రాదు, ఆ కాస్త తడి ఎండకే ఆరిపోతుంది. 60 దాటితే 60గానే లెక్క, మిగతాది పారిపోయే నీళ్లే. ఫేజ్ మొత్తం వాన పై గీత కంటే తగ్గితే ప్రతి మిల్లీమీటరుకూ ఇంత అని పరిహారం, కింది గీత కంటే కూడా తగ్గితే ఫుల్ మొత్తం. చివరి ఫేజ్‌లో మాత్రం రివర్స్: కోత టైమ్‌లో వాన ఎక్కువైతే డబ్బులు.

చూడ్డానికి ఐదారు రూల్స్. దీన్ని డ్రూల్స్ లాంటి ఇంజిన్‌లో రాస్తే ఎక్కడెక్కడ ఇరుక్కుంటామో ఇప్పుడు చూద్దాం.

మ్యాచ్ వేరు, ఫైర్ వేరు

డ్రూల్స్ 2001లో బాబ్ మెక్‌వర్టర్ మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ జావా ప్రాజెక్ట్, ఆ తర్వాత జేబాస్, రెడ్ హ్యాట్ చేతుల్లో పెరిగింది, ఇప్పుడు అపాచీ కింద ఉంది. దాని వెనకున్న ఐడియా ఇంకా పాతది. కార్నెగీ మెలన్‌లో చార్లెస్ ఫోర్జీ 1970లలో తయారుచేసిన రీటీ అల్గారిథమ్. లాటిన్‌లో ఆ మాటకి వల అని అర్థం. డ్రూల్స్ 6 నుంచి దాని స్థానంలో ఫ్రీక్ అనే కొత్త రూపం వచ్చింది.

మామూలు ప్రోగ్రామ్‌లో "ఇఫ్" అనేది మీరు పిలిచిన లైన్‌లోనే నడుస్తుంది. రూల్ ఇంజిన్‌లో అలా కాదు. మీరు ఫ్యాక్ట్స్‌ను వర్కింగ్ మెమరీలో పడేస్తారు: జూన్ 5, కళ్యాణదుర్గం, 12 మి.మీ. అని. ఏ రూల్ కండిషన్లు ఏ ఫ్యాక్ట్స్‌తో సరిపోయాయో ఇంజిన్ వల వేసి పట్టుకుంటుంది. అలా సరిపోయిన జత ఒక మ్యాచ్. అది అజెండా అనే క్యూలోకి వెళ్తుంది. మీరు "ఫైర్ ఆల్ రూల్స్" అన్నాకే అజెండాలోంచి ఒక్కొక్కటిగా తీసి నడుపుతుంది. ఒక రూల్ నడిచి ఏదైనా ఫ్యాక్ట్‌ను మారిస్తే, క్యూలో ఉన్న వేరే మ్యాచ్‌లు క్యాన్సిల్ కావచ్చు, కొత్తవి పుట్టొచ్చు.

అందుకే "రూల్ ఫైర్ కాలేదు" అనేది ఒక్క బగ్ కాదు. ఫ్యాక్ట్ అసలు లోపలికే రాలేదా? వచ్చింది కానీ మ్యాచ్ అవలేదా? మ్యాచ్ అయ్యింది కానీ ఫైర్ అయ్యేలోపు క్యాన్సిల్ అయిందా? లేక ఫైర్ ఆల్ రూల్స్ పిలవడమే మర్చిపోయారా? ఈ నాలుగూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. విడదీయడానికి డ్రూల్స్‌లో లిజనర్లు ఉన్నాయి. అజెండా ఈవెంట్ లిజనర్ పెడితే మ్యాచ్ పుట్టినప్పుడు, క్యాన్సిల్ అయినప్పుడు, ఫైర్ అయ్యే ముందు, ఫైర్ అయ్యాక ఒక్కో కబురు వస్తుంది. రూల్ రన్‌టైమ్ ఈవెంట్ లిజనర్ పెడితే ఏ ఫ్యాక్ట్ లోపలికొచ్చింది, మారింది, పోయింది తెలుస్తుంది. రెండిటికీ రెడీమేడ్ డీబగ్ వెర్షన్లు ఉన్నాయి, రెండు లైన్లు కలిపితే చాలు. ఇవి పెట్టకుండా రూల్ ఫైల్‌ను పదేపదే చదువుతూ కూర్చోవడం వేస్ట్.

లిజనర్ పెట్టాక కూడా మ్యాచ్ ఎందుకు పుట్టలేదో తెలియకపోతే నేను చేసే పని చాలా నాటు పద్ధతి. ఆ రూల్‌ను కాపీ చేసి, పని భాగంలో ప్రింట్ మాత్రమే ఉంచి, కండిషన్లు ఒక్కొక్కటే తీసేస్తూ నడపడం. ఏది తీసేయగానే ప్రింట్ వస్తే అదే దొంగ.

మండలం పేరు దగ్గర దొంగ

అలా వెతికితే ఎక్కువసార్లు దొరికేది వాన లెక్క కాదు, పేరు. ఒక ఫైల్‌లో "కళ్యాణదుర్గం", ఇంకో ఫైల్‌లో "కల్యాణదుర్గం". రెండూ మన కంటికి ఒకటే, కంప్యూటర్‌కి రెండు ఊళ్లు. జిల్లా పేరు అయితే అనంతపూర్, అనంతపురం, అనంతపురము, మూడూ వాడుకలో ఉన్నాయి. పాలసీ ఫ్యాక్ట్‌లో ఒక స్పెల్లింగ్, వాన ఫ్యాక్ట్‌లో ఇంకో స్పెల్లింగ్ ఉంటే రెండిటినీ కలిపే రూల్ ఎప్పటికీ మ్యాచ్ అవదు. ఎర్రర్ కూడా రాదు. ఇంజిన్ దృష్టిలో ఆ మండలంలో వాన రీడింగే లేదు, అంతే.

దీనికి పైన ఇంకో పొర ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లా రెండైంది. పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా వచ్చింది; కదిరి, ధర్మవరం, హిందూపురం, పెనుకొండ అటు వెళ్లాయి. 2021 డేటాలో కదిరి అనంతపురం జిల్లాలో ఉంటుంది, 2022 ఖరీఫ్ డేటాలో ఉండదు. "జిల్లా అనంతపురం అయితే" అని మొదలయ్యే రూల్ కదిరి రైతుకి 2021లో ఫైర్ అయ్యి, 2022లో సైలెంట్ అయిపోతుంది. రూల్‌లో ఒక్క అక్షరం మారలేదు, మ్యాప్ మారింది. పేర్లతో కాకుండా కేంద్రం ఇచ్చే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ కోడ్‌లతో కలిపితే స్పెల్లింగ్ గొడవ పోతుంది. విభజన గొడవకి మాత్రం ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఏ జిల్లా అనే పట్టిక ఉండాల్సిందే.

ఆగకుండా ఫైర్ అయ్యే రూల్

ఫైర్ కాకపోవడం ఒక బాధ అయితే, ఆగకపోవడం ఇంకో బాధ. పైన చెప్పిన రూల్‌ను ఉన్నదున్నట్టు రాయండి: "రోజు వాన 2 కంటే తక్కువైతే, దాన్ని 0 చేసి ఇంజిన్‌కి చెప్పు." నడిపితే హ్యాంగ్. ఎందుకంటే 0 కూడా 2 కంటే తక్కువే. మార్చిన ప్రతిసారీ కొత్తగా మ్యాచ్, మళ్లీ ఫైర్. 60 రూల్‌లో "60 దాటితే" బదులు "60 లేదా అంతకంటే ఎక్కువైతే" అని రాసినా ఇదే కథ.

నెట్‌లో వెతికితే వెంటనే "నో-లూప్ పెట్టు" అనే సలహా దొరుకుతుంది. అది ఒక రూల్ తనను తాను మళ్లీ లేపకుండా ఆపుతుంది, అంతవరకే. రెండు రూల్స్ ఒకదాన్నొకటి లేపుకుంటుంటే పనిచేయదు, దానికి లాక్-ఆన్-యాక్టివ్ అనే పెద్ద తాళం కావాలి. ఆ తాళం వేస్తే రావాల్సిన మ్యాచ్‌లు కూడా రాకుండా పోయే ప్రమాదం ఉంది. ఇంకొందరు ఇంజిన్‌కి చెప్పకుండా సెట్టర్‌తో విలువ మార్చేస్తారు. లూప్ ఆగుతుంది, నిజమే, కానీ ఆ ఫ్యాక్ట్ మారిందని మిగతా రూల్స్‌కి తెలియదు, అవి పాత విలువతోనే కూర్చుంటాయి.

నా లెక్కలో వీటన్నిటికంటే సింపుల్ దారి, గేజ్‌లో కొలిచిన వానను అసలు ముట్టుకోకపోవడం. కొలిచిన వాన ఒక ఫ్యాక్ట్. దాన్నుంచి "లెక్క వాన" అని వేరే ఫ్యాక్ట్ పుట్టించండి: 1.5 అయితే 0, 75 అయితే 60, మిగతావి ఉన్నదున్నట్టు. లూప్‌కి చోటే ఉండదు. రేపు రైతు వచ్చి "ఆరోజు 75 పడింది కదా" అంటే, 75 కూడా చెరిగిపోకుండా అక్కడే ఉంటుంది.

ఇక ఆర్డర్ సమస్య. ఐదు రోజులు 1.5 చొప్పున తుంపర పడింది అనుకోండి, అది 7.5. మిగతా వాన 44. తుంపరకి కూడా ఈ 2 మి.మీ. నియమం వర్తిస్తుందని పాలసీ అంటే అసలు మొత్తం 44, ఫేజ్ మొదలవకూడదు. కానీ కొలిచిన వానలోనే దిద్దుబాట్లు చేసే డిజైన్‌లో, దిద్దుబాటు కంటే ముందు మొత్తం వేసే రూల్ నడిస్తే అది 51.5 చూసి "ఫేజ్ మొదలైంది" అనే ఫ్యాక్ట్ పడేస్తుంది. తర్వాత మొత్తం 44కి దిగినా ఆ ఫ్యాక్ట్ అక్కడే ఉండిపోతుంది. సేలియెన్స్ అనే ప్రయారిటీ నంబర్ పెట్టి ఆర్డర్ సరిచేయొచ్చు. కాకపోతే యాభై రూల్స్‌కి యాభై నంబర్లు పెట్టాక ఎవరికీ ఏమీ అర్థం కాదు. డ్రూల్స్‌లో ఇన్సర్ట్ లాజికల్ అనేది ఉంది. దానితో పుట్టించిన ఫ్యాక్ట్, దానికి ఆధారమైన కండిషన్ పోగానే తానూ పోతుంది. చాలామంది వాడరు, వాడాలి. అలాగే రూల్ లోపలి నుంచే ఎస్సెమ్మెస్ పంపడం, పేమెంట్ కొట్టడం వద్దు. ఫ్యాక్ట్‌ను వెనక్కి తీసుకోవచ్చు, రైతు ఫోన్‌కి వెళ్లిన "మీకు పరిహారం మంజూరైంది" మెసేజ్‌ను తీసుకోలేం.

రూల్స్ అన్నీ కరెక్ట్, జవాబు తప్పు

ఇది అసలైన ట్విస్ట్. లిజనర్ లాగ్ క్లీన్‌గా ఉంటుంది, అన్నీ టైమ్‌కి ఫైర్ అవుతాయి, అయినా డబ్బు తేడా వస్తుంది.

భారత వాతావరణ శాఖ లెక్కలో వాన రోజు అర్ధరాత్రి మారదు. ఉదయం 8:30 నుంచి మర్నాడు ఉదయం 8:30 వరకు పడినదంతా, కొలిచిన రోజు ఖాతాలో పడుతుంది. మన సాఫ్ట్‌వేర్‌లో తేదీ అంటే అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి. సర్వర్ యూటీసీలో ఉంటే ఇంకో ఐదున్నర గంటలు జరుగుతుంది.

ఒక లెక్క చేద్దాం. ఇవి నేను పెట్టుకున్న నంబర్లు, ఏ పాలసీవీ కావు: ఫేజ్ 35 రోజులు, పై గీత 80 మి.మీ., తగ్గిన ప్రతి మిల్లీమీటరుకీ 10 రూపాయలు. జూన్ 1 నుంచి ఇప్పటివరకు 46 పడింది. జూన్ 18 రాత్రి 11 గంటలకు ఉరుములతో 30 మి.మీ. కురిసింది. అర్ధరాత్రి లెక్కలో అది జూన్ 18 వాన, ఫేజ్ జూన్ 18న మొదలై జూలై 22తో ముగుస్తుంది. 8:30 లెక్కలో అది జూన్ 19 వాన, ఫేజ్ జూన్ 19 నుంచి జూలై 23 వరకు. ఇప్పుడు జూలై 23 తెల్లవారుజామున 3 గంటలకు ఇంకో వాన, 24 మి.మీ. రెండు పద్ధతుల్లోనూ అది జూలై 23 ఖాతాలోనే పడుతుంది. కానీ మొదటి పద్ధతిలో ఫేజ్ నిన్ననే అయిపోయింది. అక్కడ మొత్తం 56, లోటు 24, పరిహారం 240 రూపాయలు. రెండో పద్ధతిలో మొత్తం 80, లోటు సున్నా, పరిహారం సున్నా. ఒకే వాన, అవే రూల్స్. ఇక్కడ తప్పు లెక్క రైతుకి లాభం, ఇంకో ఏడాది అదే తప్పు నష్టం అవుతుంది. ఒక్క మండలం మొత్తానికీ ఒకే స్టేషన్ రీడింగ్ వాడతారు కాబట్టి తేడా ఒక్కరికి కాదు, అందరికీ.

దశాంశాలు కూడా ఇంతే. కంప్యూటర్‌లో డబుల్ టైప్‌తో 0.1ని పదిసార్లు కూడితే 1 రాదు, 0.9999999999999999 వస్తుంది. సరిగ్గా 50 దగ్గర తీర్పు ఉన్నప్పుడు ఇది జోక్ కాదు. వానను మిల్లీమీటర్‌లో పదో వంతు లెక్కన పూర్ణ సంఖ్యగా దాచుకుంటే సరి, 12.4ని 124 అని.

అన్నిటికంటే డేంజర్, రాని రీడింగ్. స్టేషన్‌లో బ్యాటరీ అయిపోయి మూడు రోజులు డేటా రాలేదు. దాన్ని ఖాళీగా ఉంచాలా, 0 అని నింపాలా? 0 నింపితే ఆ మూడు రోజులు ఎండే అని ఇంజిన్ నమ్ముతుంది, అబద్ధపు కరువు పుడుతుంది. ఖాళీగా వదిలితే, ఖాళీ విలువతో పోలిక ఎలా తేలుతుందో ఇంజిన్‌ను బట్టి మారుతుంది, మొత్తం వేసే రూల్ దాన్ని చప్పుడు లేకుండా దాటేయొచ్చు. అందుకే "ఈ స్టేషన్‌కి ఈ రోజు రీడింగ్ లేదు" అనే దానికే విడిగా ఒక రూల్ ఉండాలి. అది ఫైర్ అయితే మిగతా లెక్క ఆగి, మనిషి చూడాలి.

కరువు మాన్యువల్ కూడా రూల్ ఇంజినే

బీమా పక్కన పెట్టినా, ఒక మండలాన్ని కరువు మండలంగా ప్రకటించడం కూడా ఇప్పుడు రూల్స్ ప్రకారమే. కేంద్ర వ్యవసాయ శాఖ 2016 కరువు మాన్యువల్‌లో మొదటి మెట్టు వాన లోటు, డ్రై స్పెల్. మూడు నాలుగు వారాలు వరుసగా, ప్రతి వారం మామూలులో సగం కంటే తక్కువ పడితే డ్రై స్పెల్. మొదటి మెట్టు ట్రిగ్గర్ అయితే రెండో మెట్టులో సాగు విస్తీర్ణం, ఉపగ్రహ చిత్రాల్లో పచ్చదనం, నేలలో తేమ, జలాశయాలు-భూగర్భజలాల లాంటి సూచికలు. ఆఖర్న పది శాతం గ్రామాల్లో పొలాలకు వెళ్లి చూడటం.

వాన మొత్తం ఒక్కటే చూసి ఉంటే అనంతపురంలో ఈ రూల్ చాలాసార్లు ఫైర్ అయ్యేది కాదు. రెండు రోజుల్లో కుండపోతగా పడి, ఆపైన నెల రోజులు చుక్క రాకపోయినా టోటల్ "నార్మల్" అని చూపిస్తుంది. ఊడ దిగే టైమ్‌లో ఎండిన శెనక్కాయకి ఆ టోటల్ పనికిరాదు.

వాన లోటు తరగతులను మామూలుగా ఎలా రాస్తారో చూడండి: మైనస్ 20 నుంచి మైనస్ 59 వరకు డెఫిసిట్, మైనస్ 60 నుంచి మైనస్ 99 వరకు స్కాంటీ. కాగితం మీద బాగానే ఉంది. కోడ్‌లో అలాగే దించితే మైనస్ 59.5 ఎక్కడికి పోతుంది? రెండు తరగతులకీ మధ్యలో పడి ఏ రూల్ ఫైర్ అవదు. ముందు పూర్ణ సంఖ్యకి రౌండ్ చేయాలి, లేదా ఒక చివర "కంటే ఎక్కువ" అని తెరిచి రాయాలి. డెసిషన్ టేబుల్స్ వాడేవాళ్లకి డీఎంఎన్ స్టాండర్డ్‌లో హిట్ పాలసీ అని ఒకటుంది. యునిక్ అని పెడితే ఒక ఇన్‌పుట్‌కి రెండు వరుసలు తగలకూడదు. ఇలాంటి ఖాళీలను, అతివ్యాప్తులను పట్టే చెకర్లు కొన్ని టూల్స్‌లో ఉన్నాయి, ఆన్ చేసి పెట్టుకోండి.

టెస్ట్ డేటా కావాలంటే పెద్ద కష్టం లేదు. గీతల మీదే పెట్టండి: 1.9, 2.0, 59.9, 60, 60.1, మొత్తం 49.9, 50. జూన్ 30 రాత్రి వాన ఒకటి, మధ్యలో మూడు ఖాళీ రోజులు, కళ్యాణదుర్గం రెండు స్పెల్లింగ్‌లతో. ప్రతి కేసుకీ ట్రేస్ ఫైల్ దాచండి. రూల్ మార్చిన ప్రతిసారీ పాత సీజన్ మొత్తం మళ్లీ నడిపి, పాత ట్రేస్, కొత్త ట్రేస్ పక్కపక్కన పెట్టి తేడా చూడండి. ఆ ట్రేస్‌ను మనకే కాదు, అడిగిన రైతుకీ చదివి వినిపించేలా రాయించొచ్చు: "జూన్ 19న మొత్తం 76కి చేరింది, ఫేజ్ మొదలైంది. జూలై 23 వరకు లెక్క వాన 80. గీత 80. లోటు లేదు." దీన్ని చూసి ఆయన "జూలై 23న మా చేలో చుక్క పడలేదు, స్టేషన్ దగ్గర పడింది" అంటే, అది ఇంజిన్‌లో వెతికితే దొరికే బగ్ కాదు. స్టేషన్లు ఎంత దగ్గరదగ్గరగా పెట్టారన్న విషయం అది.